డోర్నకల్ నుంచి దేశానికి నాయకత్వ పాఠం: బిషప్ అజరయ్య జీవితం

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో డోర్నకల్ ఒక జంక్షన్. ప్రస్తుతం మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ చిన్న పట్టణంలో గుమ్మటాలు, మినార్లు, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలతో ఒక చర్చి నిలిచి ఉంది. ఎపిఫనీ కేథడ్రల్‌గా పేరొందిన ఆ కట్టడం వెనుక ఉన్న వ్యక్తి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవిని పొందిన తొలి భారతీయుడు ఆయనే. విదేశీయుల చేతుల్లో ఉన్న ఒక వ్యవస్థను స్థానికులు నడపగలరా అన్న ప్రశ్నకు ఆయన 32 ఏళ్ల పాలన సమాధానంగా నిలిచింది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గ్రామ పాస్టరు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివినప్పటికీ అజరయ్య పట్టా పొందలేదు. 1895లో వైఎంసీఏ కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమంతటా పర్యటిస్తూ యువజన సంఘాలను నిర్మించారు. సభ నడపడం, నిధులు కూర్చడం, భిన్న వర్గాల వారిని ఒకచోట కూర్చోబెట్టడం వంటి పనులు ఆయనకు అక్కడే అలవడ్డాయి. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. అనంతర కాలంలో డోర్నకల్ ప్రాంత స్త్రీల విద్యలోనూ, సంఘ సేవలోనూ ఆమె పాత్ర ప్రధానమైంది.

స్వదేశీ సేవా సంస్థలు

1902లో శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లిన అజరయ్య, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో ఇతర ప్రాంతాలకు సేవకులను పంపడం గమనించారు. తిరునెల్వేలి క్రైస్తవులు అంతకంటే సంఖ్యాబలం కలవారైనా అటువంటి ప్రయత్నమేదీ చేయలేదన్న ఆలోచన ఆయనను కలచివేసింది. మరుసటి ఏడాది, 1903లో, భారతీయుల ధనంతో, భారతీయుల నిర్వహణలో, భారతీయ సేవకులతో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఆ సంస్థ ఎంచుకున్న సేవాక్షేత్రమే నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయన ముఖ్య భూమిక వహించారు.

ఇతరులను పంపి తాను నగరంలో ఉండిపోవడం అజరయ్యకు తృప్తినివ్వలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, వైఎంసీఏ ఉద్యోగం వదలి డోర్నకల్ చేరారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. ముప్పై అయిదేళ్ల వయసులో ఆ భాషను నేర్చుకుని, గ్రామస్థులకు వారి మాటల్లోనే బోధించసాగారు.

1910లో స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య చేసిన ప్రసంగం సంచలనం సృష్టించింది. విదేశీ మిషనరీలు త్యాగం చేస్తున్నారు, దానధర్మాలు చేస్తున్నారు, కానీ భారతీయ సహచరులను సమానులుగా, స్నేహితులుగా చూడటం లేదన్నది ఆ ప్రసంగ సారాంశం. సభికుల్లో కొందరు నొచ్చుకున్నారు, కొందరు హర్షించారు. ఆతిథ్యమిచ్చిన వారి ఎదుటే ఆ లోపాన్ని ఎత్తిచూపడానికి సాహసం కావాలి. భారత సంఘ చరిత్రలో ఆ ప్రసంగానికి శాశ్వత స్థానం దక్కింది.

బిషప్‌గా నిర్వహణ పద్ధతి

అజరయ్యను బిషప్‌గా నియమించాలన్న ప్రతిపాదనకు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అండగా నిలిచారు. భారతీయుడి అధికారానికి ఐరోపా మిషనరీలు లోబడతారా అన్న సందేహంతో వ్యతిరేకత తీవ్రంగా వచ్చింది. భారతీయ క్రైస్తవుల్లోనూ కొందరు అభ్యంతరం తెలిపారు. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో, 38 ఏళ్ల వయసులో ఆయన అభిషిక్తులయ్యారు. తొలుత చిన్నదైన డోర్నకల్ అధ్యక్ష ఖండం తరువాతి సంవత్సరాల్లో కృష్ణా, గోదావరి ప్రాంతాలకూ విస్తరించింది. దానితో ఆంగ్లేయ మిషనరీలు సైతం ఆయన అధికార పరిధిలోకి వచ్చారు.

ఆయన నిర్వహణకు గ్రామమే కేంద్రం. ప్రతి చిన్న సంఘానికీ ఒక ఉపదేశకుడు ఉండాలని, అతడు అక్కడి జనంలో నుంచే రావాలని ఆశించారు. డోర్నకల్ శిక్షణ పాఠశాలలో ఉపదేశకులతో పాటు వారి భార్యలకూ చదువు చెప్పించారు. ఎడ్లబండిపై ఊరూరా తిరిగి, సంఘ సభ్యులను స్వయంగా ప్రశ్నించి, బోధన ఎంతవరకు ఒంటబట్టిందో పరీక్షించేవారు. బాప్తిస్మాల సంఖ్య కంటే ఆ తరువాత వారి జీవన విధానంలో వచ్చే మార్పుపైనే ఆయన దృష్టి నిలిచింది. అప్పులు, మద్యపానం, అపరిశుభ్రతలపై పోరు ఆయన బోధనలో విడదీయరాని భాగం.

ధన విషయంలో ఆయన పట్టుదల మరింత గట్టిది. విదేశీ నిధులపై ఆధారపడిన సంఘం ఎన్నటికీ స్వతంత్రం కాజాలదని భావించారు. కూలి చేసుకునే కుటుంబాలు సైతం వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం, పంట చేతికి వచ్చినప్పుడు కోతకాల పండుగలో ధాన్యం, కోళ్లు, కూరగాయలు కానుకగా తేవడం వంటి పద్ధతులను ప్రోత్సహించారు. ఇవ్వడం నేర్చిన పేదవాడికి ఆత్మగౌరవం పెరుగుతుందన్నది ఆయన విశ్వాసం. ఆరాధనలో తెలుగు కీర్తనలకు, భజనలకు, నాటకాలకు చోటిచ్చారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన కేథడ్రల్ నిర్మాణ శైలిలోనూ అదే దృష్టి కనిపిస్తుంది.

విజయాలు, పరిమితులు

అజరయ్య పాలనలో అధ్యక్ష ఖండంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల వారు. అయితే ఆ రెండు వర్గాల నడుమ ఉన్న దూరం చర్చి గడప దాటి లోనికీ వచ్చింది. దాన్ని రూపుమాపడానికి ఆయన జీవితాంతం శ్రమించినా పూర్తిగా సఫలం కాలేకపోయారు.

రాజకీయాల్లోనూ ఆయన మార్గం సులభంగా సాగలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, అవి సంఘాన్ని జాతీయ జీవనం నుంచి వేరుచేస్తాయని వాదించారు. మరోవైపు 1930వ దశకంలో సామూహిక మతాంతరీకరణలను మహాత్మా గాంధీ విమర్శించినప్పుడు, అణగారిన ప్రజలకు తమ విశ్వాసాన్ని తామే ఎంచుకునే వివేకం ఉందంటూ అజరయ్య విభేదించారు. జాతీయవాదులకు ఆయన బ్రిటిష్ వ్యవస్థలోని వ్యక్తిగా, ఆంగ్లేయుల్లో కొందరికి మరీ స్వతంత్రుడిగా కనిపించారు.

వేర్వేరు శాఖలుగా చీలిన సంఘాలు ఒక్కటి కావాలన్నది ఆయన చిరకాల స్వప్నం. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంతో ఆ కృషి మొదలైంది. పాతికేళ్లకు పైగా చర్చలు సాగాయి. ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో 70 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది.

ఆయన మరణించే నాటికి తెలుగు గ్రామాల్లో సంఘాలను నడుపుతున్నవారు అధిక భాగం ఆ గ్రామాల బిడ్డలే. బిషప్ మరణంతో ఆ పని ఆగిపోలేదు. తాను లేకున్నా సాగే వ్యవస్థను నిర్మించడమే అజరయ్య నాయకత్వానికి గీటురాయి.