పాతికో ఏట అడుగుపెడుతున్న కురుసురకు అభినందనలు

విశాఖ రామకృష్ణా బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఈ ఆగస్టు 24తో ఇరవై నాలుగేళ్లు నిండి పాతికో ఏట అడుగుపెడుతోంది. గోస్తనీ ఒడ్డున ఉన్న మా తగరపువలస తరఫున, దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్న వారందరికీ మనసారా అభినందనలు.

1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరిన కురుసుర 1971 యుద్ధంలో గస్తీ కాసింది. ముప్పై ఒక్కేళ్లు కొలువు చేసి 2001 ఫిబ్రవరిలో విరమణ పొందింది. అలాంటి నౌకలు చాలావరకు తుక్కుకే పోతాయి. ఇక్కడ మాత్రం 91 మీటర్ల ఆ ఉక్కు దేహాన్ని కడలి నుంచి ఇసుక మీదికి లాగి నిలబెట్టారు. 2002 ఆగస్టు 24న జనానికి తలుపులు తెరిచారు. దక్షిణాసియాలో మొట్టమొదటి సబ్‌మెరైన్ మ్యూజియంగా దీనికి పేరు.

లోపలికి వెళ్లిన పిల్లలకు సైన్సు పాఠం చేతికందుతుంది. ట్యాంకుల్లో నీరు నింపితే సబ్‌మెరైన్ మునుగుతుంది, గాలి ఒత్తిడితో ఆ నీటిని బయటికి నెడితే తేలుతుంది. నీటిపైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు బ్యాటరీలను ఛార్జి చేస్తాయి. నీటి అడుగున ఆ బ్యాటరీలే నడిపిస్తాయి. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు. మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాల్సిన ఇరుకు దారి, ఒకదానిపై ఒకటిగా పడకలు. ఇవన్నీ దగ్గరుండి చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారు. పుస్తకం చదివి చెప్పే మాటకూ, అందులో బతికి చెప్పే మాటకూ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది. ఈ మ్యూజియానికి అసలు ప్రాణం వాళ్లే. ఈ అభినందనల్లో తొలి నమస్కారం వారికే.

కురుసుర ఒంటరిది కాదు. రోడ్డుకు అటువైపు, 1988 నుంచి 2017 దాకా సముద్రంపై నిఘా కాసిన టీయూ-142 విమానం ఉంది. మన నౌకాదళంలో ఆ రకం విమానాలు ముప్పై వేల గంటలు ప్రమాదమన్నది లేకుండా ఎగిరాయి. అదే బీచ్ రోడ్డులో డచ్చివారి పాత బంగ్లాలో విశాఖ మ్యూజియం 1991 నుంచి నడుస్తోంది. కళింగాంధ్ర నాణేలు, ఆయుధాలు, చిత్తరువులతోపాటు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు జారవిడిచినా పేలని బాంబు కూడా అక్కడే ఉంది. కళ, చరిత్ర, సైన్సు, రవాణా నాలుగూ ఒక్క పూటలో చూడగలిగే ఇలాంటి తీరం మన రాష్ట్రానికే గర్వకారణం.

తగరపువలస, భీమిలి, ఆనందపురం బడుల మాస్టార్లకు నాదొక విన్నపం. ఈ ఏడాది పిల్లల్ని బీచ్‌కు తీసుకెళ్తే కెరటాల దగ్గరే ఆపేయకండి, కురుసుర లోపలికి నడిపించండి. అక్కడి నౌకాదళ పెద్దలు చెబుతుండగానే విననివ్వండి.