నిర్దోషినీ వదలని జైలు: జాన్ హోవార్డ్ పోరాటం

కోర్టు నిర్దోషి అని తేల్చినా, జైలరుకు ఫీజు కడితేనే విడుదల. 18వ శతాబ్దపు ఇంగ్లండులో పేదోళ్ల పరిస్థితి ఇది. 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్ షెరీఫ్ అయిన జాన్ హోవార్డ్ దీన్ని కళ్లారా చూశారు. జైలర్లకు జీతాల్లేవు, ఖైదీల దగ్గర గుంజిందే సంపాదన. వాళ్లకు జీతమివ్వండని ఆయన అడిగితే, ఇంకెక్కడైనా ఇస్తున్నారేమో చూపించమన్నారు అక్కడి మేజిస్ట్రేట్లు. దాంతో పక్క జిల్లాల జైళ్లూ తిరిగారు. అంతటా అదే అన్యాయం. గదుల కొలతలు, తిండి, నీళ్లు, రోగాలు అన్నీ రాసుకున్నారు. 1774లో పార్లమెంటుకు చెప్పారు. అదే ఏడాది విడుదల ఫీజు రద్దు చేస్తూ చట్టం వచ్చింది. 1777లో ఆ వివరాలన్నీ పుస్తకంగా తెచ్చారు. ఆ తర్వాతా యూరప్ జైళ్లు, ఆసుపత్రులు తిరుగుతూనే ఉన్నారు. 1790లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో జ్వరంతో కన్నుమూశారు.