మాదరి భాగయ్య – భాగ్యరెడ్డి వర్మ

హైదరాబాదు నుండి బెజవాడకు పోయే బాటపై సూర్యాపేట, కోదాడ తగులుతాయి. ఆ బాటకు దక్షిణంగా, మూసీ కృష్ణలో కలిసే దిక్కున మిర్యాలగూడ ఉన్నది. నిజాము ఏలుబడిలో ఈ ప్రాంతపు పల్లెలలో మాల మాదిగల బ్రతుకు వెట్టితో తెల్లవారి వెట్టితోనే పొద్దుగూకేది. దొర గడికి మూటలు మోయవలె, కబురులు చేరవేయవలె, చెప్పులు కుట్టి ఈయవలె, బావి మోటకు తోలు సమకూర్చవలె. కూలి అడిగే నోరు మాత్రం ఉండరాదు. ఈ బాటకు ఒక కొననున్న హైదరాబాదులో పుట్టి, రెండవ కొననున్న బెజవాడలో తన వారికి క్రొత్త పేరు పెట్టినవారు భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న మాల కుటుంబంలో జన్మించారు. తలిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. అస్పృశ్యులనబడేవారే ఈ నేలకు తొలి ప్రభువులనీ, రెడ్డి అనే మాట ‘రేడు’ నుండి వచ్చినదనీ కులగురువు చెప్పగా భాగ్యరెడ్డి అయినారు. ‘వర్మ’ బిరుదు 1913లో ఆర్యసమాజం వారిచ్చినది. పేరులోనే ఒక సిద్ధాంతం ఇమిడి ఉన్నదన్నమాట.

1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా, భజనల ద్వారా తన వారిని కూడగట్టారు. 1911లో అది మన్య సంఘమయింది. 1917లో బెజవాడలో పంచమ మహాజనసభకు అధ్యక్షత వహించవలసినదిగా పిలుపు వచ్చింది. అధ్యక్షపీఠం నుండే ఆయన సభ పేరును ప్రశ్నించారు. పంచముడనే మాటకు పురాణాలలో చోటు లేదనీ, ఈ ప్రజలు ఆంధ్రదేశపు ఆదివాసులనీ వాదించారు. సభ ఆ వాదాన్ని అంగీకరించి ‘ఆది ఆంధ్ర మహాజనసభ’గా మారింది. సభ జరిగిన రోజులలో ఈ జనం గుడిలోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ ఆలయం తలుపులు మూసివేశారంటారు. అయిదేండ్లకు, 1922లో, మద్రాసు శాసనసభ ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర నామాలను ఆమోదించింది. నిజాము రాజ్యంలో 1931 జనాభా లెక్కలలో ‘ఆది హిందువు’ అనే పేరు ఎక్కింది.

జాతుల పుట్టుపూర్వోత్తరాలను గురించిన ఈ వాదం చరిత్రకారుల త్రాసులో పూర్తిగా నిలుస్తుందా అంటే అనుమానమే. కాని దాని బలం వేరొకచోట ఉన్నది. అంతవరకు అగ్రవర్ణ సంస్కర్తలు దయతో ఇచ్చినదానిని పుచ్చుకోవలసిన జనం, ఇక హక్కుగా అడగగలిగింది. ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవానిని యాచించడు గదా! ఆ కాలంలోనే పంజాబులో ఆద్ ధర్మం, సంయుక్త రాష్ట్రాలలో ఆది హిందూ ఉద్యమం ఇదే బాట పట్టినవి. 1930లో లక్నో మహాసభలో వర్మగారు రౌండు టేబులు సమావేశానికి అంబేద్కరును ప్రతినిధిగా బలపరచారు.

హక్కు అడిగేవాడు తన ఇల్లు తాను చక్కబెట్టుకోవలెనని కూడ ఆయన నమ్మకం. పేటలలో పంచాయతీలను పునరుద్ధరించి, తగవులు అక్కడనే తీర్చుకొనే అలవాటు చేశారు. ఉరుదూ రాజభాషగా నున్న నగరంలో తమ పిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడులు తెరిచారు. ఆడపిల్లలను దేవతలకు అంకితం చేసే దురాచారాన్నీ, పెండ్లిళ్లలో తాగుడునూ ఎదిరించారు. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక పెట్టారు.

అయితే ఈ కృషి ప్రధానంగా నగరానిది. ఉద్యమంలో మాలల మాటకే చెల్లుబడి ఎక్కువన్న ఫిర్యాదు మాదిగలలో లేకపోలేదు. పైగా, పేరు మారినంత మాత్రాన పల్లెలో భూమి చేతులు మారదు. లెక్కలలో ఆది హిందువైనవాడు, సూర్యాపేట దాపున గడి ముందర ఇంకను వెట్టివాడే. దేశముఖుల భూమి జోలికి వర్మగారి ఉద్యమం అంతగా పోలేదు.

1939 ఫిబ్రవరి 18న క్షయవ్యాధితో ఆయన కన్నుమూశారు. అప్పటికి యాభై ఏండ్లే. రెండేండ్లకు, 1941లో, కోదాడకు దగ్గరనే ఉన్న చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదవ ఆంధ్ర మహాసభ జరిగింది. వెట్టి పోవలెనన్న కోరిక అక్కడ జమీను ప్రశ్నతో జతపడింది. 1946 నుండి సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పల్లెలలో రైతుకూలీలు గడుల మీదికి నడిచినపుడు, వారిలో మాల మాదిగలు ముందు వరుసలలో ఉన్నారు.