గాజుల లక్ష్మీనరసు శెట్టి

చెన్నపట్టణమునకు ఉత్తరముగా పులికాటు సరస్సు దాటినచో నెల్లూరు తీరము వచ్చును. 1801లో ఈ సీమ ఆర్కాటు నవాబు చేతినుండి ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. నాలుగేండ్లకు కంపెనీవారు ఉప్పు వ్యాపారమునంతయు తమ గుత్తగా చేసికొనిరి. ఇసకపల్లి మొదలగు తీరగ్రామములందు మళ్లలో ఉప్పు పండించువాడు సర్కారువారికి తప్ప అన్యులకు అమ్మరాదు. లోపలి పల్లెలలో రైతు భూమికి శిస్తు కట్టవలెను. సాలెవాడు మగ్గముమీద మొతర్ఫా యను పన్ను కట్టవలెను. వానలు లేక పైరెండిన యేట శిస్తు తగ్గింపుమని వేడుకొనుటకు రైతు మొదట పోవలసినది తాసిల్దారు నొద్దకే. ఆ తాసిల్దారే పోలీసు అధికారియు. పన్ను వసూలు చేయువాడును, పట్టి బంధింపగలవాడును ఒక్కడే యైనపుడు పేదవాడు ఎవరితో మొరపెట్టుకొనగలడు?

అట్టివారి మొరను లండనులోని పార్లమెంటునకు వినిపించిన తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి.

ఆయన 1806లో చెన్నపట్టణమున జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టి బట్టలు, నీలిమందు అమ్ము వర్తకుడు. లక్ష్మీనరసు శెట్టి కొంతవరకు చదువుకొని తండ్రి వ్యాపారములో ప్రవేశించి విశేషముగా ధనమార్జించెను. ఆ ధనముతో మేడలు కట్టుకొని సుఖముగా ఉండవచ్చును. పట్టణములో పెక్కుమంది వర్తకులు అట్లే ఉండిరి. ఆయన మాత్రము 1844లో క్రెసెంటు అను ఇంగ్లీషు పత్రికను స్థాపించి, హార్లీ యను ఆంగ్లేయుని దానికి సంపాదకునిగా నియమించెను. ప్రజలు తెలుగువారు, తమిళులు; పత్రిక ఇంగ్లీషుది! దీనికి కారణము లేకపోలేదు. ఆ వ్రాతలను చదువవలసినవారు దొరలు. సర్కారు బడులలో బైబిలును పాఠ్యగ్రంథముగా పెట్టవలెనను యోచన 1846లో బయలుదేరినపుడు పట్టణవాసులు సభచేసి దానిని ప్రతిఘటించిరి. ఆ యుద్యమమునకు ముందు నిలిచినవాడును శెట్టిగారే.

కంపెనీకి దేశమును పాలించు అధికారమును పార్లమెంటు ఇరువది యేండ్లకొకసారి పట్టాగా ఇచ్చుచుండెను. ఆ గడువు 1853తో తీరనుండెను. అడుగదలచినది అడుగుటకు అదియే అదను. 1851లో కలకత్తాలో బ్రిటిషు ఇండియను అసోసియేషను వెలసెను. 1852 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున దానికొక శాఖ యేర్పడెను. కొలదినెలలకే అది కలకత్తా నుండి వేరుపడి మద్రాసు నేటివ్ అసోసియేషను అను స్వతంత్ర సంఘమైనది. ఈ రాజధానిలోని రైతుల బాధలు వంగదేశపు జమీందారుల బాధలవంటివి కావు గదా!

ఆ సంవత్సరాంతమున సంఘమువారు పార్లమెంటునకు ఒక మహజరు, అనగా పెక్కుమంది కలిసి చేసికొను విన్నపము, పంపిరి. శిస్తుల భారము, మొతర్ఫా పన్ను బాధ, బాటలు వంతెనలు లేకపోవుట, నీటిపారుదల పనుల ఉపేక్ష, విద్యకు సర్కారు చేయు వ్యయము మిక్కిలి స్వల్పమగుట అందు వివరింపబడినవి. వీనియన్నిటికంటె ఘోరమైన అంశము మరియొకటి కలదు: శిస్తు రాబట్టుటకు సర్కారు బంట్రోతులు రైతులను హింసించుచున్నారని అందు వ్రాయబడెను.

కంపెనీ పెద్దలు దీనిని నమ్మలేదు. శెట్టిగారు కాగితముతో తృప్తిపడలేదు. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు 1853లో ఈ దేశమునకు రాగా, ఆయనను వెంటబెట్టుకొని దక్షిణపు జిల్లాలలో ఊరూర తిప్పి, రైతుల గోడు వారి నోటనే వినిపించెను. మరుసటి యేట జూలైలో కామన్సు సభలో ఈ విషయముపై చర్చ జరిగినపుడు సేమూరు తాను వినినది సభవారికి తెలిపెను. తుదకు విచారణ సంఘమును నియమింపక తప్పలేదు. ఇలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురు అందు సభ్యులు.

విచారణ సంగతి తెలియగానే పల్లెలు కదలినవి. వందలమంది ఫిర్యాదులు చేసికొనిరి. కొందరు దూరప్రాంతములనుండి కాలినడకన చెన్నపట్టణము చేరిరి. ఒకడు రెండు కర్రల నడుమ తన వ్రేళ్లిరికించి నొక్కిరని చెప్పెను. కిట్టి యనునది దానికి పేరు. మరియొకడు మెడను కాళ్లకు వంచి కట్టి ఎండలో నిలిపిరని చెప్పెను. వారు కట్టవలసిన బాకీ యెంత? పలువురి విషయమున కొన్ని రూపాయలే, లేక అణాలే.

1855లో వెలువడిన నివేదిక హింస నిజమని ఒప్పుకొనెను. కాని తప్పంతయు దేశీయులైన చిన్న ఉద్యోగులపై మోపి దొరలను నిర్దోషులనెను. ఇది సగము న్యాయమే. వసూలు తగ్గరాదని పైనుండి ఒత్తిడి లేనిదే క్రింది బంట్రోతు కర్ర యెత్తునా? ఆ నివేదికను చదివి 1857లో కార్లు మార్క్సు న్యూయార్కు పత్రికలో వ్యాసము వ్రాసెను. ఆ విధముగ ఈ రైతుల కథ అమెరికా వరకును ప్రాకినది.

1853 పట్టాచట్టములో మహజరు కోరినవి పెక్కు నెరవేరలేదు. శెట్టిగారు మరల విన్నపములు పంపుచునే యుండిరి. కంపెనీని తొలగించి రాణి ప్రభుత్వమే నేరుగా పాలింపవలెనని కోరిరి. 1858లో కంపెనీ పాలన అంతరించెను. అందుకు ముఖ్యకారణము ఉత్తరదేశమున 1857లో జరిగిన తిరుగుబాటు. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చి, పోలీసు శాఖను శిస్తు వసూలునుండి వేరుచేసెను. నెల్లూరు రైతు అటుపిమ్మట తాసిల్దారును పోలీసు అధికారిగా చూడలేదు.

ప్రభుత్వము శెట్టిగారికి సి.ఎస్.ఐ. బిరుదమునిచ్చి, 1863లో మద్రాసు శాసనసభలో సభ్యునిగా నియమించెను. అప్పటికే ఆయన సిరి చాలవరకు కరగిపోయియుండెను. పత్రిక, సంఘము, మహజరులు, ప్రయాణములు, అన్నియు ఆయన సొమ్ముతోనే నడచినవి. 1868లో ఆయన మరణించునాటికి సిద్ధులు శెట్టి కుమారుని యొద్ద చెప్పుకొనదగిన ఆస్తి మిగిలియుండలేదు.