ఎయిర్త్రీ కోటను అమ్మిన రాబర్ట్ హాల్డేన్



స్కాట్లాండు దేశములో స్టర్లింగ్ పట్టణమునకు సమీపమున, ఓఖిల్ కొండల పాదాన ఎయిర్త్రీ అనే ఎస్టేటు ఉన్నది. పూర్వము స్టర్లింగ్‌షైర్ కౌంటీకి చెందిన ఈ ఎస్టేటు యజమాని రాబర్ట్ హాల్డేన్ గారు. ఈయన 1764లో లండన్‌లో జన్మించి, చిన్నతనములోనే తల్లిదండ్రులను కోల్పోయారు. యౌవనములో నౌకాదళములో పనిచేసి, 1783లో యుద్ధము ముగిసిన తరువాత కొంతకాలమునకు భార్యతో ఎయిర్త్రీలో కాపురము పెట్టారు.

ఆ నేలంటే ఆయనకు ఎంతో ప్రీతి. చెరువు ఏర్పరచారు, చెట్లు నాటించారు, అడవిలో కాలిబాటలు వేయించి ఒక ముని కుటీరము కూడా కట్టించారు. ప్రసిద్ధ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ గీసిన నమూనా ప్రకారము 1791లో కోటవంటి భవనము లేచినది.

కొద్ది సంవత్సరములకు ఆయన మనస్సు మారినది. బెంగాలులో విలియం కేరీ గారి సేవను గూర్చి చదివి, ఎస్టేటు అమ్మి మిత్రులతో అక్కడికే వెళ్ల నిశ్చయించారు. బోధకులు, ఉపదేశకులు, అచ్చుయంత్రము, అన్ని ఖర్చులు తానే భరించదలచారు. అయితే ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు అనుమతి నిరాకరించారు.

అప్పుడు ఆయన కోటలోనే ఉండిపోతే ఎవరూ తప్పు పట్టేవారు కారు. అయినను 1798లో ఎయిర్త్రీని అమ్మివేశారు. కొన్నది ఎవరో తెలుసా? ఇండియాలో సైన్యాధిపతిగా ఉండి తిరిగి వచ్చిన జనరల్ రాబర్ట్ అబర్‌క్రోంబీ! హాల్డేన్ గారికి మూసిన దేశము నుండే ఆయన వచ్చారు.

హాల్డేన్ గారు తన ధనమును స్వదేశములో సువార్తకు, ప్రార్థనా మందిరములకు, బోధకుల శిక్షణకు వెచ్చించారు. 1808లో ఆయన, తమ్ముడు జేమ్స్ గారు బాప్టిస్టులైనారు. దానితో పాత సహకారులు విడిపోయారు. మందిరముల విషయమై తగవులు కూడా వచ్చినవి. ఆయన బీదవాడు కాలేదు. 1809లో లానార్క్‌షైర్‌లో ఆఖెన్‌గ్రే అనే మరొక ఎస్టేటు కొన్నారు. 1816-17లో జెనీవాలో విద్యార్థులకు రోమా పత్రిక బోధించగా అక్కడ గొప్ప ఉజ్జీవము కలిగినది. 1842లో ఎడిన్‌బరోలో మరణించారు.

1813 చట్టముతో ఇండియాలో మిషనరీలకు దారి తెరచుకొన్నది. కాని హాల్డేన్ గారు బెంగాలును చూడనే లేదు. ఎయిర్త్రీ నేలపై 1967లో స్టర్లింగ్ విశ్వవిద్యాలయము వెలసినది. ఆ చెరువు ప్రక్కన నేడు విద్యార్థులు నడుస్తారు.

సొంత ఊరు విడిచి వచ్చిన కుటుంబములకు చెందిన మనకు, నేల విడుచుట ఎంత బరువో తెలుసు. వెళ్లవలసిన దారి మూసుకొన్న తరువాత కూడా విడుచుట మరింత బరువు. హాల్డేన్ గారు చేసినది అదే.