మాట పడిపోయిన ప్రసంగీకుడు

జగ్గయ్యపేట, నందిగామ సంఘాల్లో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు కాలూ చెయ్యీ పడిపోయినవారి పేర్లు తరచుగా వింటుంటాం. కాపరి వెళ్లి నూనె రాసి ప్రార్థిస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు చేయిస్తే ప్రార్థన మీద నమ్మకం లేనట్టేనని మనలో కొందరు అనుకుంటారు. అలాంటప్పుడు మనకు స్టాన్లీ జోన్స్ గుర్తుకు రావాలి.

1884లో అమెరికాలో పుట్టిన జోన్స్ 1907లో మిషనరీగా మన దేశానికి వచ్చారు. గాంధీజీకి మిత్రులు. 1928లో బిషప్పుగా ఎన్నికైనా, సువార్తికునిగా ఉండటమే చాలని ఆ పదవి వదులుకున్నారు. 1930లో నైనితాల్ సమీపాన సాత్‌తాల్ ఆశ్రమం స్థాపించారు. దేశదేశాలు తిరిగి ప్రసంగించడమే ఆయన జీవితం.

1971 డిసెంబరులో, 87 ఏళ్ల వయసులో, ఓక్లహామాలో ఉండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట ముద్దయింది, చూపు మందగించింది, నడక పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ప్రసంగీకునికి ఇంతకన్నా కష్టమేముంటుంది?

ఆసుపత్రిలో ఆయన నోరు మూసుకొని అద్భుతం కోసం ఎదురుచూడలేదు. శృంగారమను దేవాలయ ద్వారం దగ్గర పేతురు కుంటివానితో పలికిన మాటను తనతో చెప్పమని దగ్గరికొచ్చినవారిని అడిగేవారు. అది విని అడుగు వేయడానికి ప్రయత్నించేవారు. ప్రార్థనా సాధనా ఆయనకు రెండు వేర్వేరు పనులు కావు.

ఆ సాధన ఎందుకో నేటి వైద్యులు చెబుతున్నారు. మెదడులో చచ్చిన కణాలు తిరిగి రావు. కానీ ఒకే కదలికను పదే పదే చేయిస్తే మిగిలిన భాగాలు ఆ పనిలో కొంత నేర్చుకుంటాయి. మాటకు స్పీచ్ థెరపీ కూడా అంతే. ఆక్యుపంక్చర్ గురించీ చాలామంది అడుగుతుంటారు. సూదులతో పడిపోయిన చెయ్యి లేస్తుందని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు. డాక్టరుకు చెప్పి వేయించుకోవచ్చు గాని, దాన్ని నమ్ముకొని నడక సాధన మానకూడదు. అన్నిటికన్నా ముందు, మూతి వంకరపోయిన ఘడియే విజయవాడకు బయల్దేరాలి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా 4.5 గంటల్లోపే ఇస్తారు. పసరు మందు కోసం ఊళ్లు తిరిగితే ఆ సమయం దాటిపోతుంది.

జోన్స్‌కు పూర్తి స్వస్థత కలగలేదు. ఇది దాచవలసిన సంగతి కాదు. 1972 జూన్‌లో యెరూషలేములో జరిగిన మహాసభలో చక్రాల కుర్చీలో కూర్చునే సందేశాలిచ్చారు. తడబడే నాలుకతోనే టేపు రికార్డరు ముందు కూర్చుని తన చివరి పుస్తకం చెప్పుకుంటూ పోయారు. అమెరికాలోనే ఉండిపోక, తాను ప్రేమించిన మన దేశానికే తిరిగొచ్చారు. 1973 జనవరి 25న బరేలీలో కన్నుమూశారు. ఆ టేపుల్లోని మాటలు 1975లో ‘ది డివైన్ యెస్’ పేరుతో పుస్తకంగా వెలువడ్డాయి.