జామియా ఉస్తాద్ డాక్టర్ జాకిర్ హుసేన్

స్వతంత్ర భారతదేశానికి రాష్ట్రపతి అయిన మొదటి ముస్లింగా డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ పేరు అందరూ విన్నదే. ఆయన హైదరాబాద్‌లో జన్మించారన్న సంగతి కొందరికి తెలుసు. రాష్ట్రపతి భవనంలో అడుగుపెట్టడానికి ముందు ఆయన ఇరవై రెండేళ్లపాటు చాలీచాలని జీతంతో ఒక పేద విద్యాలయాన్ని నడిపిన ఉపాధ్యాయుడన్నది మాత్రం ఈ తరం పిల్లలకు అంతగా తెలియదు.

వారి పూర్వీకులు ఆఫ్రిదీ పఠాన్లు. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్ వారి స్వస్థలం. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ వకాలతు కోసం హైదరాబాద్ వచ్చి స్థిరపడి బాగా పేరు సంపాదించారు. ఇక్కడే 1897 ఫిబ్రవరి 8న జాకిర్ హుసేన్ జన్మించారు. ఏడుగురు అన్నదమ్ముల్లో ఆయన మూడోవారు. ఆయనకు పదేళ్లు నిండేసరికి తండ్రి చనిపోగా కుటుంబం కాయంగంజ్ తిరిగి వెళ్లిపోయింది. ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో చదువుకుంటుండగా 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే తల్లీతండ్రీ లేని యతీమ్ అయ్యారాయన.

తరువాత అలీగఢ్ మహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరారు. డాక్టరు కావాలనుకున్నారు గాని ఆరోగ్యం సహకరించలేదు. 1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ఆంగ్ల ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యను వదిలిరమ్మని విద్యార్థులను కోరారు. ఆ పిలుపునందుకుని బయటికి వచ్చినవారిలో జాకిర్ హుసేన్ ముందున్నారు. అదే నెల 29న షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ సాహెబ్ చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమైంది. దేవ్‌బంద్ ఆలిమ్, అలీగఢ్ పట్టభద్రుడు ఒకే పని కోసం ఒకచోట నిలబడిన రోజది. మదర్సాకు, కాలేజీకి మధ్య గోడ కట్టి మాట్లాడేవారు ఆ రోజును ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

1922లో ఆయన జర్మనీ వెళ్లి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు సాధించారు. ఈలోగా ఇక్కడ జామియా పరిస్థితి దిగజారింది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయింది. ఉద్యమం చల్లబడి చందాలు ఆగిపోయాయి. విద్యాలయాన్ని మూసేయడమే మంచిదన్న మాట వినిపించసాగింది. బెర్లిన్‌లో ఉన్న జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ ముగ్గురూ తాము వచ్చి పనిచేస్తామని, అంతవరకు మూయవద్దని కబురు పంపారు. మాట ఇచ్చినట్టే 1926లో వచ్చారు. అప్పటికి జామియా ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మారింది. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో జాకిర్ సాహెబ్ షేఖుల్ జామియా బాధ్యత చేపట్టారు.

1927 చివరలో హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ మరణించడంతో జామియాకు పెద్ద దిక్కు పోయింది. అప్పుడు ఉపాధ్యాయులు ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్లు జామియాలోనే పనిచేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి జీతం అడగబోమని దాని సారాంశం. ఆ కాస్త కూడా సకాలంలో అందని నెలలు చాలా ఉండేవి. బెర్లిన్ డాక్టరేటుతో ఏ ప్రభుత్వ కొలువులోనైనా అంతకు ఎన్నో రెట్లు సంపాదించుకోగల వ్యక్తి చందాల కోసం ఊరూరా తిరిగారు.

పిల్లలంటే ఆయనకు ప్రాణం. వారికోసం ఉర్దూలో కథలు రాశారు. ఆయన చిన్న కూతురు రెహానా పసితనంలోనే చనిపోయింది. ఆ కబురు అందిన సమయంలో ఆయన ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మిఠాయి పంచుతున్నారని, పంచడం పూర్తయ్యేదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదని ఆయనను ఎరిగినవారు రాశారు. పిల్లల సంతోషం చెడగొట్టడానికి ఆయనకు మనసొప్పలేదు.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సు తరువాత బేసిక్ విద్యా ప్రణాళికను తయారుచేసే సంఘానికి గాంధీజీ ఆయనను అధ్యక్షుణ్ణి చేశారు. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని ఆధారంగా చదువు అందులో ముఖ్యాంశాలు. మత బోధనకు అందులో చోటు లేదు. ముస్లిం లీగ్ దానిని తీవ్రంగా వ్యతిరేకించింది. నిన్నటిదాకా జామియాను మెచ్చుకున్నవారు కూడా ఆయనను అనుమానంగా చూశారు. మదర్సాలో చదివి పిల్లలకు పాఠాలు చెప్పిన నాబోటివాడికి ఆ భయం అర్థమవుతుంది, అది పూర్తిగా నిరాధారం అనను. కానీ ఆ ప్రణాళిక అన్ని మతాల పిల్లలూ కలిసి చదివే బడుల కోసం తయారైంది. ఆయన స్వయంగా నడిపిన జామియాలో దీనీ తాలీమ్ చదువులో భాగంగానే ఉండేది. విమర్శించినవారిలో ఎందరు ఈ రెండో విషయం చెప్పారన్నది వేరే సంగతి.

1946 నవంబరులో జామియా రజతోత్సవాలు జరిగాయి. దేశమంతా మత కలహాలతో రగులుతున్న రోజులు. ఆ వేదికపై ఒకవైపు నెహ్రూ, మౌలానా ఆజాద్, మరోవైపు జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ కూర్చున్నారు. ఆ నాయకులందరి ముఖాన జాకిర్ సాహెబ్, ఈ మంటను ముందు ఆర్పండి, ఎవరు పెట్టారన్నది తరువాత చూసుకోవచ్చని వేడుకున్నారు. మంట ఆరలేదు. 1947 ఆగస్టులో కాశ్మీర్ వెళుతూ జలంధర్ స్టేషన్లో ఆయనే దుండగుల చేతికి చిక్కారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు. దేశ విభజనతో తమ్ముడు మహమూద్ హుసేన్ పాకిస్తాన్ వెళ్లిపోయారు. మరో తమ్ముడు యూసుఫ్ హుసేన్ ఖాన్ మన ఉస్మానియాలో చరిత్ర బోధించారు. జాకిర్ సాహెబ్ ఢిల్లీలోనే ఉండిపోయారు.

1948లో ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. ఒకప్పుడు తాను బహిష్కరించి వచ్చిన విద్యాలయమే అది. పాకిస్తాన్ ఉద్యమానికి కేంద్రంగా పేరుపడి, అందరి అనుమానాలకు గురై ఉన్న సమయంలో ఆయన చేయి దానికి అండగా నిలిచింది.

1952లో రాజ్యసభ ఏర్పడినప్పుడు రాష్ట్రపతి నామినేట్ చేసిన పన్నెండుమందిలో ఆయన ఒకరు. పార్లమెంటు జీవితం అలా మొదలైంది. ఎన్నికల్లో ఊరూరా ఓట్లడిగి వచ్చిన నాయకుడు కాదాయన, విద్యావేత్తగా పిలిచి కూర్చోబెట్టారు. సభాపతి స్థానంలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఉపాధ్యాయుడే. అంతకుముందు రాధాకృష్ణన్ అధ్యక్షత వహించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో జాకిర్ సాహెబ్ సభ్యుడు.

సభ్యుడిగా ఉన్న రోజుల్లోనే, 1954లో, అంజుమన్ తరక్కీ ఉర్దూ తరఫున ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన 20 లక్షలకు పైగా సంతకాలను ఆయన నాటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్‌కు సమర్పించారు. ఉర్దూను ఆ రాష్ట్రంలో గుర్తించాలన్నది కోరిక. అది నెరవేరలేదు. పదమూడేళ్ల తరువాత, ఆ అర్జీ అందుకున్న స్థానంలోనే ఆయన స్వయంగా కూర్చున్నారు. అప్పుడూ పని జరగలేదు. ఆయన అభిమానులకు సైతం మనసులో మిగిలిన ముల్లు ఇది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే నడచుకోవాలన్న సమాధానం న్యాయమైనదే, అయినా ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఉర్దూ రెండవ అధికార భాష అయింది 1989లో, ఆయన పోయిన ఇరవై ఏళ్లకు.

1957లో బీహార్ గవర్నరయ్యారు. 1962లో ఉపరాష్ట్రపతిగా ఎన్నికై, రాధాకృష్ణన్ ఖాళీ చేసిన రాజ్యసభ అధ్యక్ష పీఠాన్ని స్వీకరించారు. చైనా యుద్ధం, నెహ్రూ మరణం, పాకిస్తాన్‌తో 1965 యుద్ధం, ఇవన్నీ ఆ ఐదేళ్లలోనే జరిగాయి. 1963లో భారతరత్న లభించింది.

1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనతో పోటీపడినవారు మన రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు. ఆ పోటీ కోసం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవిని వదులుకున్న పెద్దమనిషి. ఒక ముస్లిం అభ్యర్థి నెగ్గగలడా అన్న సందేహం పైకి అనకపోయినా చాలామందిలో ఉండేది. జాకిర్ సాహెబ్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్ల విలువ లభించింది. మే 13న ప్రమాణ స్వీకారం జరిగింది.

పదవీకాలం పూర్తి కాలేదు. 1969 మే 3న రాష్ట్రపతి భవనంలోనే గుండెపోటుతో మరణించారు. పదవిలో ఉండగా మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి ఆ బాధ్యత స్వీకరించారు. జనాజాను ఓఖ్లాకు తీసుకువెళ్లి, 1935లో జామియా తన సొంత భవనాలకు పునాదిరాయి వేసుకున్న నేలలోనే ఖననం చేశారు. నాటి ఆ పునాదిరాయిని వేసింది ఏ నవాబో, నాయకుడో కాదు, జామియాలోని అందరికంటే చిన్న విద్యార్థి.